అడుగులు కొలిస్తే గొడవ లేదు

డబ్బా దాచడం పెద్ద పనేం కాదు. చెట్టు తొర్రలోనో వంతెన కిందనో పెట్టి, ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు రాసుకుంటే అయిపోయింది. కానీ ఆ డబ్బాను నలుగురికీ చూపించడానికి ఒప్పుకోవాల్సిన మనిషి ఇంకొకరు ఉంటారు. జియోక్యాషింగ్ అనే ఈ ఆటలో అసలు తగాదాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నీళ్లు దూరని డబ్బాలో ఒక కాగితం చుట్టి పెట్టి, ఒకరు ఎక్కడో దాస్తారు. ఆ చోటు జీపీఎస్ అంకెలు ఉమ్మడి జాబితాలోకి ఎక్కుతాయి. మిగతావాళ్లు వెతుక్కుంటూ వెళ్లి, కాగితం మీద పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి వస్తారు. అంతే. నేను సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉన్న రోజుల్లో ఈ పిచ్చి అంటుకుంది. వాన పడుతున్నా సరే, బురద బూట్లతో పొదలు దులపడం నా ఆదివారాలకి అలవాటైపోయింది.

ఈ ఆట ఎలా పుట్టిందంటే, పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్‌ను అమెరికా ప్రభుత్వం మొదట్లో కావాలనే కాస్త చెడగొట్టి వదిలేది. 2000 మే నెల మొదట్లో ఆ పని మానేసింది. రాత్రికి రాత్రే అందరి చేతుల్లోని పరికరాలూ గురి తప్పకుండా చోటు చూపించడం మొదలుపెట్టాయి. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దగ్గరి బీవర్‌క్రీక్‌లో ఒక నల్ల బకెట్‌ను సగం దాకా పాతిపెట్టి, దాని చోటు నలుగురికీ చెప్పాడు. అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, చిక్కుడు గింజల టిన్ను, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఏదైనా తీసుకుంటే ఏదైనా పెట్టాలన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క రూలు. ఆ ఏడాది సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ అనే సియాటిల్ యువకుడు 75 డబ్బాలతో జాబితా తెరిచాడు. అదే కంపెనీ అయింది. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి డబ్బాలు 30 లక్షలు దాటాయి.

ఆ మొదటి బకెట్‌ను ఇవాళ పంపిస్తే తిప్పికొడతారు. నేలలో పాతింది, పైగా లోపల తిండి ఉంది. రెండూ కుదరవు. ఇది చెప్పి నవ్వుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఆ రూల్స్ ఊరికే పుట్టలేదు. తిండి పెడితే జంతువులు డబ్బా చీల్చేస్తాయి. గునపాలు పట్టుకుని నేల తవ్వే గుంపన్న పేరు పడిందంటే పార్కులవాళ్లు ఆటనే రానివ్వరు. అమెరికా జాతీయ పార్కుల శాఖ మొదట్లో డబ్బాల మీద గుర్రుగానే ఉండేది. ఇంగ్లండులో యార్క్‌షైర్ వైపు వెదర్‌బీ అనే చిన్న ఊరుంది. 2011లో అక్కడ వీధిలో ఒక మనిషి దాచిన డబ్బాను చూసి బాంబనుకున్నారు. వీధి ఖాళీ చేయించి, బాంబు నిపుణుల్ని పిలిపించి పేల్చేశారు. దాంతో ఆ దేశంలో ఊళ్ల నడుమ దాచే డబ్బాలకు రూల్స్ బిగించారు.

ఈ రూల్స్ అన్నీ అమలుచేసేవాళ్లే రివ్యూయర్లు. వీళ్లు జీతగాళ్లు కాదు. ఆడి ఆడి ఆరితేరినవాళ్లను కంపెనీ పిలిచి, ఒక్కొక్కరికీ ఒక ప్రాంతం అప్పగిస్తుంది. ఆడేటప్పుడు ఒక పేరు, రివ్యూ చేసేటప్పుడు ఇంకో పేరు. ఆ రెండూ ఒకరివేనని కొందరు బయటపడనివ్వరు. ఎందుకో కాస్త ఊహిస్తే తెలుస్తుంది. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి భోజనమయ్యాక కూర్చుని మ్యాపులు చూస్తారు. రైలు పట్టాలకి మరీ దగ్గరా? బడి ఆవరణా? పార్కు అనుమతి ఉందా? ఏదైనా కొట్టుకు ప్రచారమా? మంచి పనికైనా సరే, ఫలానా సేవాసంస్థకు చందా ఇవ్వండి అని వర్ణనలో రాస్తే తీసెయ్యమంటారు. డబ్బా దగ్గరికి వెళ్లి చూసే పని వాళ్లది కాదు. మన మాట, మ్యాపు, వాళ్ల అనుభవం, ఈ మూడింటితోనే తేల్చాలి.

నాకు వరసకు తమ్ముడయ్యే గుంటూరు కుర్రాడు ఒకడు కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉంటాడు. కూతురి పుట్టినరోజు గుర్తుగా ఇంటి దగ్గరి పార్కులో డబ్బా దాచాడు. దగ్గర్లో ఇంకోటి ఉంది, జరపండి అని జవాబొచ్చింది. మ్యాపులో చూస్తే ఆ పార్కులో ఏ గుర్తూ లేదు. ఫోన్ చేశాడు.

“అన్నా, ఆ మనిషికి కళ్లు కనపడవా? ఖాళీ పార్కు అది!”

“ఖాళీ కాదురా. పజిల్ డబ్బా ఏదో ఉండుంటుంది.”

“ఉంటే ఎక్కడుందో చెప్పొచ్చుగా?”

“చెబితే పజిల్ విప్పి చేతిలో పెట్టినట్టే కదరా.”

సంగతేమిటంటే, రెండు డబ్బాల మధ్య కనీసం 528 అడుగులు, అంటే మైలులో పదో వంతు, మన లెక్కలో 161 మీటర్లు ఉండాలి. పజిల్ డబ్బాలకు మ్యాపు మీద కనపడే గుర్తు ఉత్తుత్తిది. అసలు చోటు పజిల్ విప్పినవాడికే తెలుస్తుంది. రివ్యూయర్‌కి మాత్రం అన్నీ కనపడతాయి. ఈ తెరచాటు వాడుకుని కూపీ లాగేవాళ్లు ఉన్నారు. ఇక్కడ దాచొచ్చా, పోనీ అక్కడ, పోనీ ఆ మూల అంటూ వరసగా అడిగి, కాదన్న జవాబులన్నీ కలిపి పజిల్‌తో పనిలేకుండా డబ్బా పట్టేస్తారు. ఆటగాళ్లు దీన్ని బ్యాటిల్‌షిప్ ఆడటం అంటారు. అందుకే రివ్యూయర్ నోరు కట్టేసుకుంటాడు. ఆ ముక్తసరి జవాబు అందుకున్నవాడికి మాత్రం అది పొగరులా కనపడుతుంది. మా తమ్ముడు కొన్నాళ్లు అలిగి, డబ్బాను పార్కు అవతలి గట్టుకు జరిపాడు. ఒప్పుకున్నారు. ఆ పజిల్ ఏమిటో మాత్రం వాడికి ఇప్పటికీ అంతు చిక్కలేదు.

గమనించండి, వాడు 528 అన్న అంకెతో గొడవ పడలేదు. ఈ ఆటలో ఆ అంకె మీద ఎక్కువసేపు పోట్లాడినవాళ్లను నేను చూడలేదు. సణుగుతారు, జరుపుతారు. సంక్రాంతికి అపార్ట్‌మెంట్లలో ముగ్గుల పోటీ పెడతారు చూడండి. ఎన్ని చుక్కలు, ఎంత చోటు, ఎంతసేపు అన్నదాని మీద ఎవరూ నోరెత్తరు. ఏ ముగ్గు బాగుందో చెప్పాల్సి వచ్చినప్పుడే, జడ్జీగా కూర్చున్న నాలుగో అంతస్తు ఆంటీ ఆ తర్వాత ఏడాది పొడుగునా లిఫ్టులో నేల చూపులు చూడాల్సి వస్తుంది. జియోక్యాషింగ్ ఈ పాఠాన్ని ఒకసారి కాదు, మూడుసార్లు నేర్చుకుంది.

మొదటిది డబ్బా లేని డబ్బాలతో. వర్చువల్ అంటారు. ఒక విగ్రహం దగ్గరికో జలపాతం దగ్గరికో వెళ్లి, అక్కడ కనపడేదాని గురించి ప్రశ్నకు జవాబు చెబితే చాలు. డబ్బా పెట్టనివ్వని చోట్లకు చక్కటి ఉపాయం. అయితే దాచే శ్రమ లేదు కాబట్టి జనం ఇష్టారాజ్యంగా పంపడం మొదలుపెట్టారు. అడవిలో పడి ఉన్న పాత బూటు, కుళ్లిన జంతువు కళేబరం కూడా చూడదగ్గ చోట్లుగా వచ్చాయట. అప్పుడు కంపెనీ, చూడగానే ‘వావ్’ అనిపించాలి అని షరతు పెట్టింది. అనిపించిందో లేదో తేల్చే పని రివ్యూయర్ నెత్తిన పడింది. మా ఊరి యుద్ధ స్మారకం నీకు వావ్ కాదా అని ఒక మాజీ సైనికుడు అడిగితే ఏం చెబుతారు? చివరికి 2005లో కొత్త వర్చువల్స్‌కి తలుపు మూసేశారు. పన్నెండేళ్ల తర్వాత, 2017లో, ప్రపంచవ్యాప్తంగా 4,000 మందిని ఎంచి ఒక్కొక్కరికి ఒక్క వర్చువల్ చొప్పున పెట్టుకునే హక్కు ఇచ్చారు. అలా రివ్యూయర్‌కి చోటు అందాన్ని తూచే బాధ తప్పింది. నాకెందుకు రాలేదని ఏడ్చేవాళ్లు మాత్రం కంపెనీ మీదే ఏడ్చారు. ఏడుపు సరైన చిరునామాకు చేరింది.

రెండోది, డబ్బా పెట్టినవాళ్ల కోరికలు. కాగితం మీద పేరు రాస్తే చాలదు, నెత్తిన పిచ్చి టోపీ పెట్టుకుని ఫొటో దిగాలి, లేదా కవిత రాయాలి అని యజమానులు షరతులు పెట్టేవారు. కొన్ని నిజంగానే సరదా. ఇంకొన్ని వేధింపు. టోపీ సరిగా కనపడలేదని ‘దొరికింది’ అన్న నమోదును కొట్టేస్తే, న్యాయం కోసం మళ్లీ అందరూ పైకి పరిగెత్తేవారు. 2009 ఏప్రిల్‌లో అవన్నీ ఐచ్ఛికం చేసేశారు. పేరు రాశాడా, దొరికినట్టే.

మూడోది ఛాలెంజ్ డబ్బాలు. ఫలానా రాష్ట్రంలో అన్ని కౌంటీల్లోనూ డబ్బాలు కనుక్కున్నవాడే దీన్ని తన లెక్కలో వేసుకోవాలి, ఇలాంటివి. ఏది సాధ్యం, ఏది మరీ వింత అన్నది రివ్యూయరే చూడాలి. ఇవి వచ్చే దరఖాస్తుల్లో కొద్ది భాగమే అయినా, అప్పీళ్లలో పెద్ద వాటా వీటిదేనని చెప్పి, 2015 ఏప్రిల్‌లో ఏడాదిపాటు కొత్తవి ఆపేశారు. 2016లో తిరిగి తెరిచినప్పుడు, అర్హత ఉందో లేదో కంప్యూటర్ ప్రోగ్రామే తేల్చగలగాలని షరతు పెట్టారు. మళ్లీ అదే. మనిషి తీర్పు పోయి లెక్క వచ్చింది.

మూడుసార్లూ కంపెనీ చేసింది తప్పని నేననను. నాకు మంటెక్కేది ఆలస్యం మీద. తాను నిర్వచించలేని దాన్ని రివ్యూయర్ చేతిలో పెట్టి, నువ్వే తేల్చు అంది. ఏళ్ల తరబడి తిట్లు తిన్నది జీతం లేని ఆ మనుషులు.

అలాగని అంకెలన్నీ అమృతమేం కాదు. అవకాశం ఉంది కదా అని 600 అడుగులకొకటి చొప్పున దాచుకుంటూ పోకండి అని మొదట్లో రూల్స్‌లోనే ఒక మందలింపు ఉండేది. అది కూడా రుచికి సంబంధించిన మాటే. పోట్లాటలు పెట్టింది, తర్వాత దాన్ని తీసేశారు. ఇక మిగిలింది 528 అడుగులు. డబ్బాలు కిక్కిరిసిపోకుండా పెట్టిన ఆ హద్దు, 2010లో నెవాడా ఎడారిలో కొలబద్దగా మారింది. గ్రహాంతరవాసుల పేరు పెట్టుకున్న 375వ నంబరు రహదారి పక్కన వెయ్యికి పైగా ఫిల్మ్ డబ్బీలు, సరిగ్గా ఆ ఎడంతో. ఒకడు కారు నడుపుతాడు, ఒకడు దూకుతాడు, ఒకడు ముద్ర కొడతాడు. ఇంకా తొందరైతే ఇక్కడి డబ్బీ తీసుకుని, కిందటి చోట తీసుకున్నది ఇక్కడ పెట్టి, కారు కదిలాక సంతకం చేస్తారు. రివ్యూయర్ కాదనడానికి ఏ రూలూ లేదు. మరుసటి ఏడాది నెవాడా రహదారుల శాఖ భద్రత మాట ఎత్తి తీయమంటే తీశారు. తర్వాత ఇంకో రూపంలో తిరిగొచ్చాయి. ఇలాంటి దారి మీద నాకు మోజు లేదు. ఉన్నవాళ్లు బోలెడంతమంది. వాళ్లని ఆపడానికి ‘ఇది విసుగు’ అన్న రూలు రాయమంటే మాత్రం నేనొప్పుకోను. మళ్లీ వావ్ దగ్గరికే వెళ్తాం.

రూల్స్ పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే. ఇదివరకు ఒప్పుకున్న డబ్బాను చూపించి నాదీ ఒప్పుకో అనడం కుదరదట. ప్రతి దరఖాస్తూ దానంతట అదే నిలబడాలి. ఇది చదివితే మండుతుంది. కాదంటే ఎవడైనా సర్దుకుంటాడు గానీ, పక్కవాడికి అవునని తనకి కాదంటే సర్దుకోలేడు. పక్క వీధిలో వంతెన కింద డబ్బా ఉందే, నాది ఎందుకు కూడదు? మర్యాదగా చూస్తే ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి. కానీ రివ్యూయర్ కుర్చీలోంచి చూడండి. ఆ వంతెన డబ్బా 2002 నాటిది కావచ్చు, అప్పటికి ఆ రూలే లేకపోవచ్చు, అనుమతి ఉందని అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఒకప్పటి పొరపాటల్లా చట్టమైతే రూల్స్‌కి అర్థమే ఉండదు. అందుకని ఆ వాక్యం ఉండాల్సిందే అంటాను, పళ్లు బిగబట్టి.

పాత డబ్బాల సంగతికి వస్తే నేను అంత గట్టిగా లేను. యజమాని పట్టించుకోని డబ్బాకు రివ్యూయర్ ముందు నోటీసు ఇస్తాడు. గడువు దాటితే జాబితాలోంచి తీసేస్తాడు. మామూలు డబ్బాలకు ఇది సబబే, పార్కుల్లో చెత్త పేరుకోకుండా ఉంటుంది. 2000, 2001 నాటివి మాత్రం వేరు. 2000 మే నుంచి ప్రతి నెలలోనూ పుట్టిన డబ్బా ఒకటి కనుక్కోవాలన్న పంతం ఆటగాళ్లలో ఉంది, జాస్మర్ ఛాలెంజ్ అంటారు. మొదటి నెలలవి కొద్దే మిగిలాయి. కాన్సస్ రాష్ట్రంలోని మింగో, 2000 మే 11న పెట్టింది, ఇంకా బతికున్నవాటిలో అన్నిటికంటే పాతది. దాని కోసమే వందల మైళ్లు కారు నడుపుకుని వచ్చేవాళ్లున్నారు. అలాంటి డబ్బా పోతే, దారిన పోయేవాళ్లు వాళ్ల డబ్బా పడేసి అదే ఇది అనిపించేస్తారు. యజమాని ఎప్పుడో ఆట మానేసి ఉంటాడు. రూలు ప్రకారం అది చెల్లదు. తీసేసిన రివ్యూయర్ చరిత్ర హంతకుడు, వదిలేసిన రివ్యూయర్ పక్షపాతి.

ఆ కొద్దిపాటి పాత డబ్బాల వరకు తీర్పు సియాటిల్‌లోని కంపెనీ ఆఫీసే రాయాలి, కింద సంతకమూ అక్కడివాళ్లదే ఉండాలి. తిట్లూ అక్కడికే వెళ్తాయి. వాటిని చదవడానికి అక్కడ జీతం తీసుకునే మనుషులున్నారు.