జూబా దరువు – మన తోటల పాట

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో, చికాగో నగరానికి వాయవ్యంగా ఉన్న ఊరిలో, మా చెల్లెలి ఇంట కొన్ని వారాలు గడిపినాము. వయొలిన్ నేర్చుకుంటున్న మేనకోడలు ఒక సాయంత్రం, “మామయ్యా, దీనిలో మన మారిషస్ దరువు ఉన్నది, వినండి” అని ఒక సింఫొనీ వినిపించినది. అమెరికా శాస్త్రీయ సంగీతం మనకెందుకని అనుకున్నాము. విన్న తరువాత ఆ మాట వెనక్కి తీసుకున్నాము.

దానిని రచించినవారు ఫ్లోరెన్స్ ప్రైస్ (1887–1953). ఆర్కాన్సాస్‌లో పుట్టి 1927లో చికాగో చేరిన నల్లజాతి స్త్రీ. ఈ మొదటి సింఫొనీకి 1932లో వానమేకర్ పోటీలో ప్రథమ బహుమతి వచ్చినది. 1933 జూన్ 15న ఫ్రెడరిక్ స్టాక్ నిర్వహణలో చికాగో సింఫొనీ ఆర్కెస్ట్రా దానిని వాయించినది. నల్లజాతి స్త్రీ వ్రాసిన సింఫొనీని అమెరికాలో ఒక పెద్ద వాద్యబృందం వాయించడం అదే మొదలు.

నాలుగు భాగాలలో మూడవదాని పేరు ‘జూబా’. అది తోటలలో బానిసలు ఆడిన ఆట. డప్పు మోగితే తిరుగుబాటు లేస్తుందని భయపడి దొరలు డప్పులు నిషేధించిన చోట్ల, వారు తొడలు చరచి, చేతులు తట్టి, కాళ్ళతో దరువు వేసుకున్నారు. ప్రైస్ గారు ఆ నడకను వాద్యబృందానికి ఇచ్చి, ఆఫ్రికా డప్పులను కూడా చేర్చినారు. నిషేధించిన డప్పు సభామధ్యానికి వచ్చినది!

లోపాలు లేవని మేము అనము. మొదటి భాగంలో ద్వోర్జాక్ 1893 నాటి ‘న్యూ వరల్డ్’ సింఫొనీ నీడ తెలుస్తుంది. చివరి భాగం తొందరగా ముగిసి, ముందటి బరువును మోయలేకపోయినది. అయినా రెండవ భాగంలో ఇత్తడి వాద్యాలు ప్రార్థన వలె పలికే చోట కళ్ళు చెమర్చినవి.

2009లో, చికాగోకు దక్షిణాన సెయింట్ ఆన్ గ్రామంలో, పాడుబడిన ఇంట ఆమె వ్రాతప్రతులు ఎన్నో దొరికినవి. నాలుగవ సింఫొనీ వాటిలోనిదే. కాగితం మీద ఉన్నది కనుక బ్రతికినది.

మరి మన సంగతి? మన పొరుగువారి సెగాను 2014లో యునెస్కో గుర్తించినది. సభ తరగతులలో తెలుగు నేర్చుకుని, తరువాత నేర్పిన మేము పిల్లలచేత కీర్తనలు వ్రాయించినాము. మా అవ్వ చెరకు తోటలో పాడుకున్న పాటలను మాత్రం మోటువని వదలినాము. ఆమెతోనే అవి పోయినవి. తప్పు మాదే.

పాఠకులారా, ప్రైస్ గారి సింఫొనీ తప్పక వినండి. కాని ఇంట పెద్దలుంటే, ముందు నోటుపుస్తకం తీసుకుని వారి దగ్గర కూర్చోండి. సింఫొనీ రేపైనా దొరుకుతుంది.