తోమడం మానేశాక

మా ఇంట్లో గిన్నెలకూ పళ్లకూ ఒకటే మాట. రెండింటినీ తోమేవాళ్లం. తెనాలిలో మా పెరటి బావి గట్టు మీద ఒక పక్కన అమ్మ చింతపండూ బూడిదా పెట్టి ఇత్తడి బిందె తోముతుంటే, ఇంకో పక్కన నేను అరచేతిలో పళ్లపొడి పోసుకుని కూర్చునేదాన్ని. బిందె తళతళలాడే దాకా ఆవిడ చెయ్యి ఆగేది కాదు, నా వేలు ఆగితే ఊరుకునేదీ కాదు. "గట్టిగా తోమవే, అలా నిమిరితే పాచి పోతుందా?" అనేది. నలభై ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక చిగుళ్ల డాక్టరమ్మ నన్ను అద్దం ముందు నిలబెట్టి, నా బ్రష్ నా చేతికే ఇచ్చి, కాసేపు చూసి, "మేడమ్, మీరు ముందు తోమడం మానెయ్యాలి" అంది. నాకు వెంటనే ఆ బిందె గుర్తొచ్చింది. తోమగా తోమగా దాని అంచు దగ్గర ఇత్తడి పల్చబడి సొట్టలు పడిపోయింది పాపం.

నాకున్న జబ్బు పేరు ఎలర్స్-డాన్లాస్ సిండ్రోమ్. 1901లో డెన్మార్క్ వైద్యుడు ఎడ్వర్డ్ ఎలర్స్, 1908లో ఫ్రాన్స్ వైద్యుడు అన్రీ-అలెగ్జాండర్ డాన్లాస్ చెరొక రోగిని చూసి వర్ణించారు, ఇద్దరి పేర్లూ కలిపేశారు. చర్మం, కీళ్లు, రక్తనాళాలు, చిగుళ్లు, వీటన్నిటినీ కూడదీసి పట్టుకునే పీచు పదార్థం కొలాజెన్. మా బోటి వాళ్లలో ఆ అల్లికలోనే తేడా. 2017 నాటి వర్గీకరణ ప్రకారం ఇందులో 13 రకాలున్నాయి. నాది కీళ్లు అతిగా వంగే హైపర్‌మొబైల్ రకం. దీన్ని పట్టుకునే రక్తపరీక్ష కానీ జన్యుపరీక్ష కానీ లేదు. ఒళ్లంతా వంచి చూసి, ఇంటి చరిత్రంతా విని చెప్పాల్సిందే.

చిన్నప్పుడు బొటనవేలు వెనక్కి విరిచి ముంజేతికి ఆనించి చూపిస్తే చుట్టాలు చప్పట్లు కొట్టేవారు. డాన్సు మేష్టారు "ఈ పిల్ల ఒంట్లో ఎముకలున్నాయా అసలు" అని మురిసిపోయేవారు. ఎనిమిదేళ్ల కిందట నా భుజం మూడోసారి జారినప్పుడు ఒక రుమటాలజిస్టు అవే విన్యాసాలు మళ్లీ చేయించి, బైటన్ స్కోరు అని తొమ్మిదికి ఎనిమిది వేశారు. అప్పుడు మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కీళ్ల సంగతి సరే, పళ్లకేం సంబంధం అని నేనూ అనుకున్నాను. పన్నంటే గోడలో దిగ్గొట్టిన మేకు అని కదా మన ఊహ. కాదట. ఎముకకూ పంటి వేరుకూ మధ్య సుమారు మిల్లీమీటరులో ఐదో వంతు సందు ఉంటుంది. ఆ సందులో అటూ ఇటూ అల్లుకున్న పీచులే పన్నును పట్టుకుంటాయి. నులక మంచం అనుకోండి. మనం నమిలే ప్రతి ముద్ద బరువూ ఆ నులక మీదే పడుతుంది. ఆ నులక కొలాజెన్. పంటి మెడ చుట్టూ బిగుతుగా కప్పి పాచిని లోపలికి పోనివ్వకుండా కాచే చిగురు కూడా చాలావరకు కొలాజెనే. నులక వదులైతే ఆదివారం పూట కాళ్లతో తన్ని బిగించుకోవచ్చు. నోట్లో ఆ వీల్లేదు.

మన భాష ఇక్కడ నాతో కొంచెం వేళాకోళమాడినట్టనిపిస్తుంది. లేత ఆకూ చిగురే, పంటి మొదలూ చిగురే. పింకు రంగు, మెత్తదనం చూసి ఎవరో అలా పిలిచి ఉంటారు. కానీ కొమ్మ మీది చిగురు గిల్లితే మళ్లీ వేస్తుంది. పంటి చిగురు ఒకసారి కిందికి జారిందా, దానంతటది పైకి రాదు. నా కింది పళ్లలో నాలుగింటికి వేర్లు బయటపడ్డాయి. మజ్జిగ తాగినా జివ్వుమంటాయి. అందులో జబ్బు వాటా ఎంత, నలభై ఏళ్ల తోముడు వాటా ఎంత అని అడిగితే డాక్టరమ్మ నవ్వి, "పల్చటి చీరను మీరు బండకేసి ఉతికారు. చీరది తప్పా, బండది తప్పా?" అంది.

ఆవిడ నేర్పిన పద్ధతికి బాస్ టెక్నిక్ అని పేరు. ఛార్లెస్ బాస్ అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో వైద్యుడు, పళ్ల డాక్టరు కాదు. మన సికింద్రాబాద్‌లో 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన మలేరియా క్రిమిని, 1912లో మొదటిసారి గాజుగొట్టంలో పెంచి చూపించినవాళ్లలో ఆయనొకరు. ముసలితనంలో పళ్ల మీద పడ్డాడు. చిగురు అంచు కింద దాక్కున్న పాచే అసలు దొంగ అని, దాన్ని ఎలా తీయాలో 1954లో రాశాడు. అప్పటికి ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు. నాకు ఆ వయసు నచ్చింది. నలభై ఎనిమిదిలో కొత్తగా పళ్లు కడుక్కోవడం నేర్చుకోవడానికి సిగ్గుపడక్కర్లేదనిపించింది.

పద్ధతి చెప్పడానికి రెండు ముక్కలే. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్‌ను చిగురూ పన్నూ కలిసే గీత మీద 45 డిగ్రీల వాలుగా ఆనించాలి. అక్కడే, జరపకుండా, చిన్నచిన్నగా వణికించాలి. పది పదిహేను వణుకులయ్యాక పక్క రెండు పళ్లకు పోవాలి. అంతే. చెయ్యడానికి మాత్రం నాకు మూడు నెలలు పట్టింది. చెయ్యి వినదు. రెండు రోజులు బుద్ధిగా ఉండి మూడో రోజు పొద్దున్నే, నిద్రమత్తులో, బావి గట్టు మీదికి పోతుంది. చివరికి పిడికిలితో పట్టుకోవడం మానేసి బ్రష్‌ను పెన్ను పట్టినట్టు పట్టుకున్నాను. పెన్ను పట్టు మీద బలం పెట్టలేం, అదే దాని గుణం. కాకపోతే నా వేళ్లకు సన్నటి కాడ ఆగదు, కీళ్లు వెనక్కి విరుచుకుపోతాయి. సైకిల్ షాపులో హ్యాండిల్‌కు వేసే రబ్బరు తొడుగు ఒకటి కొని, కోసి, బ్రష్ కాడకు ఎక్కించాను. షాపతను "ఏ సైకిలమ్మా?" అన్నాడు. పళ్లకని చెప్పడానికి మొహమాటపడి, మనవరాలి సైకిలన్నాను. నాకు మనవరాలు లేదు.

నోరు బార్లా తెరిస్తే నా దవడ టక్కుమని పక్కకు జారుతుంది. అందుకని వెనక దంతాలు కడిగేటప్పుడు నోరు సగం మూస్తాను. వింతేమిటంటే అప్పుడే బుగ్గ వదులై బ్రష్‌కు చోటు దొరుకుతుంది. ఎడమచేతి నాలుగు వేళ్లతో దవడను కింద నుంచి కాస్తాను. ఎక్కువసేపు నిలబడితే కళ్లు తిరుగుతాయి కాబట్టి సింకు ముందు స్టూలు వేసుకున్నాను. మోచెయ్యి సింకు అంచున ఆనితే భుజం మీద బరువుండదు. పళ్ల సందుల్లోకి దారం నాకు పనికిరాలేదు. ఒక్కసారి చెయ్యి జారితే చిగురు కోసుకుపోతుంది. సీసాలు కడిగే బ్రష్‌కు పిల్లలాంటి చిన్న బ్రష్‌లు దొరుకుతాయి, సందుకు తగ్గ సైజు చూసుకుని అవే వాడుతున్నాను. బ్యాటరీ బ్రష్ మంచిదని చాలామంది చెప్పారు. గట్టిగా నొక్కితే దీపం వెలిగించి హెచ్చరించే రకాలున్నాయట. నా దవడకు ఆ అదురు పడలేదు. తమ్ముడికిచ్చేశాను.

పుల్లటి చారు తిన్న వెంటనే బ్రష్ జోలికి పోను, అరగంట ఆగుతాను. వేపపుల్ల మాత్రం వదిలేశాను. నాన్నగారు ఎనభై రెండేళ్ల వయసులో ఇప్పటికీ దానితోనే కానిస్తారు, పళ్లు గట్టిగానే ఉన్నాయి, ఆయనతో వాదన లేదు. కానీ పుల్ల నమిలి కుచ్చు చేసే శక్తి నా దవడకు లేదు, ఆ పీచు గుచ్చుకోవడం ఓర్చుకునే శక్తి నా చిగురుకు లేదు.

మా పిన్ని ఉసిరికాయలు పంపిస్తూ ఉంటుంది. "సి విటమిన్ లేకే నీకు చిగుళ్ల నెత్తురు" అంటుంది. పిన్నిని తీసిపారెయ్యలేం. సి విటమిన్ లేకపోతే ఒంట్లో కొలాజెన్ సరిగ్గా ముడిపడదు. పూర్వం ఓడల్లో నెలల తరబడి తిరిగే నావికులకు చిగుళ్లు ఉబ్బి పళ్లూడిపోయేవి, 1747లో జేమ్స్ లిండ్ నారింజలూ నిమ్మకాయలూ తినిపించి నయం చేశాడు. వాళ్లకు సరుకు కొరత. నాకు సరుకు సరిపడా ఉంది, అల్లికే పుట్టుకతో అలా వచ్చింది. ఉసిరికాయ పచ్చడి తింటాను, రుచి కోసం.

డెంటల్ కుర్చీ గురించి చెప్పకుండా దాటవెయ్యలేను. అసలు పేరు తెలియక ముందు, ఒక క్లినిక్‌లో గంటసేపు నోరు తెరిపించి పని చేశారు. మత్తు ఇంజెక్షన్ ఎక్కలేదని చేత్తో సైగ చేస్తే, "భయపడితే అలాగే ఉంటుందమ్మా, ఓర్చుకోవాలి" అన్నాడా డాక్టరు. ఇంటికెళ్లాక దవడ పదకొండు రోజులు సరిగ్గా మూసుకోలేదు. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి మామూలు మత్తు సరిగ్గా పట్టదని, పట్టినా తొందరగా దిగిపోతుందని తర్వాత తెలిసింది. నేను పిరికిదాన్ని కానని రుజువైనందుకు సంతోషించాలో, ఆ గంటను తలుచుకుని ఏడవాలో తెలియలేదు. ఇప్పటి డాక్టరమ్మకు మొదటి రోజే జబ్బు పేరు చెప్పాను. "నేను ఈ కేసు ఎప్పుడూ చూడలేదు మేడమ్. చదువుకుంటాను, పది రోజులాగి రండి" అంది. ఏ డిగ్రీ కంటే ఆ మాటే నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది. ఇప్పుడు ఒక్కో రోజు నోట్లో నాలుగో వంతే పని, పది నిమిషాలకోసారి విరామం, మెడ కింద చుట్టిన టవలు, మత్తు రెండు విడతలు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని అమ్మ నమ్మకం. అమ్మదే కాదు, మన సగం ఇళ్లలో అంతే. చేయించాక నిజంగానే కదిలినట్టుంటుంది కూడా. కారణం, కింద పట్టు పోయిన పళ్లను అన్నాళ్లూ గార సిమెంటులా అతికి నిలబెట్టి ఉంటుంది. గార తీసేస్తే పోయిన పట్టు బయటపడుతుంది. మొదటిసారి నాకూ గుండె జారింది. ఆ తర్వాత రెండు వారాలు క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలిస్తే కాఫీ రుచే మారిపోయింది, పళ్ల మీద గోధుమరంగు చారలొచ్చాయి. చారలు తర్వాత పోయాయి. కాఫీ లేని ఆ రెండు వారాలే ఎవరూ తిరిగివ్వరు.

మధ్యలో ఒక భయం కూడా పట్టుకుంది. ఈ 13 రకాల్లో చిగుళ్ల మీదే దెబ్బకొట్టే రకం ఒకటుంది. పిల్లప్రాయంలోనో పదహారు పదిహేడేళ్లకో పంటి చుట్టూ ఎముక కరగడం మొదలవుతుంది, ముంగాళ్ల మీద కమిలిన మచ్చలు మిగిలిపోతాయి. దానికి కారణమైన జన్యువులను 2016లో గుర్తించారు, సి1ఆర్, సి1ఎస్ అని. అవి కొలాజెన్‌వి కావు, క్రిములతో పోరాడే రక్షణ వ్యవస్థవి. కాపలావాడే ఇంటికి నిప్పు పెట్టినట్టు. నేను రాత్రిపూట కాళ్ల మచ్చలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నా చిగుళ్లు చూసి, ఎక్స్‌రే చూసి అది కాదని డాక్టరమ్మ తేల్చింది. అమ్మమ్మ మాత్రం గుర్తొచ్చింది. ఆవిడకు నలభై ఐదేళ్లకే పళ్లు ఊడాయి. తొమ్మిది పురుళ్లు పోసుకున్నదాని పళ్లు నిలుస్తాయా అన్నారంతా. అమ్మమ్మ వేళ్లు వెనక్కి వంగేవా అని అమ్మనడిగాను. కాసేపాలోచించి, "జంతికల గొట్టం తిప్పలేకపోయేది. మణికట్టు తప్పేది" అంది.

మూడు నెలలకోసారి చిగుళ్ల లోతు కొలుస్తారు. సన్నటి కొలపుల్లతో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల. డాక్టరమ్మ అంకెలు పైకి చదువుతుంటే అసిస్టెంటు రాసుకుంటుంది, తంబోలా ఆడుతున్నట్టు. రెండు, మూడు, రెండు అంటే హాయి. నాలుగు దాటితే గుండె దడ. పైన ఎడమ వైపు వెనక దంతం దగ్గర రెండేళ్లుగా ఆరు. పోయిన నెల అక్కడికొచ్చి, పుల్ల ఇంకోసారి దించి చూసి, "ఐదు" అంది. అసిస్టెంటు తలెత్తి "ఐదా మేడమ్?" అని అడిగింది. నోట్లో పుల్ల ఉంది, మాట్లాడలేను. భేషని బొటనవేలు ఎత్తాను. అది అలవాటు ప్రకారం వెనక్కి పడిపోయింది.