యథార్థ రచనయు విశ్వవిద్యాలయ పట్టములును

కవిత్వమును, కథను గురుముఖమున నేర్వవచ్చునా యను ప్రశ్న పాతది. అమెరికా దేశమున అయోవా విశ్వవిద్యాలయమువారు 1922వ సంవత్సరముననే సృజనాత్మక రచనను పై పట్టములకు సిద్ధాంతవ్యాసముగా నంగీకరించి, దానికి తమదైన యుత్తరమిచ్చిరి. నేఁడు దాని ప్రక్కన వేఱొక ప్రశ్న నిలిచియున్నది. జరిగినదానినే వ్రాయుచు, కథవలె చదివించు రచనను ఆంగ్లమున క్రియేటివ్ నాన్‌ఫిక్షన్ అందురు. ఆత్మకథ, జీవితచరిత్రము, యాత్రాకథనము మున్నగునవి యెల్ల నిందుఁ జేరును. పట్టభద్రులైనవారు మఱి రెండు మూఁడేండ్లు కూర్చుండి దీని నభ్యసించునపుడు వారికి నేర్పవలసిన దేమి?

పేరు క్రొత్తదే గాని పని మనకు క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, త్రోవపొడుగునను మజిలీలను, దూరములను, జనుల నడవడిని లేఖలుగా వ్రాసిరి; అవి 1838లో గ్రంథముగా నచ్చైనవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్వీయచరిత్రము వ్రాసిరి. ఇందులకై వీరికెవ్వరును పట్టమీయలేదు. అంతమాత్రమున పట్టము నిరర్థకమని మేమనము. ఉద్యోగమును, సంసారమును మోయుచు వ్రాయఁగోరువారికి నియమిత కాలమును, నిర్మొగమాటపు చదువరులును దొరకుట సామాన్య లాభము కాదు. గౌచర్ కళాశాలవారు 1997లో నారంభించిన తరగతియందు విద్యార్థులు ఏఁట కొన్ని దినములు మాత్రమే ఒకచోటఁ గూడి, తక్కినకాలము ఇంటనుండియే గురువులకు వ్రాఁతలు పంపుదురు. ఇల్లు విడువలేని స్త్రీలకు ఇట్టి పద్ధతి మిక్కిలి యనుకూలమని మా యభిప్రాయము.

సామాన్యముగా బోధనావిధాన మిట్లుండును. విద్యార్థి తన వ్యాసమును ముందుగా సహాధ్యాయులకు పంచును. నియమించిన దినమున వారెల్లరు బల్లచుట్టును గూర్చుండి దానిని విమర్శింతురు. పలుచోట్ల వ్రాసినవాఁడు అంతవఱకు నోరు మెదపరాదు. ఎక్కడ విసుగు పుట్టినదో, ఎక్కడ మాట మించినదో, మెచ్చుకొను బంధువులు చెప్పని సంగతులెల్ల పరాయివారు చెప్పుదురు. ఇంతవఱకు బాగే. కాని వారి యెదుట కాగితము తప్ప వేఱొండు లేదు. "మా మేనత్త ఆ రాత్రి యేడ్వలేదు" అని వ్యాసమున నున్నచో, ఆ వాక్యమునకు బిగువున్నదో లేదో వారు చెప్పఁగలరు. ఆమె యేడ్చెనో లేదో చెప్పలేరు. నిజమును, కల్లయు చెవికొక్కతీరుననే వినఁబడును. మేనత్తయో, ఆ గదిలో లేదు.

ఈ లోపమెంతవఱకు పోఁగలదో తెలిసికొనఁగోరువారు 2012లో వెలువడిన "ది లైఫ్‌స్పాన్ ఆఫ్ ఎ ఫ్యాక్ట్" అను గ్రంథమును చదువవలయును. దాని కర్తలలో నొకఁడగు జాన్ డగాటా అయోవాయందే చదివి, అక్కడనే యధ్యాపకుఁడై, యథార్థ రచనాశాఖకు కొంతకాల మధ్యక్షుఁడుగను నుండెను. 2002లో లాస్ వేగాస్ నగరమున ప్రాణము తీసికొనిన యొక బాలునిఁ గూర్చి యాతఁడు వ్యాసము వ్రాసెను. దానిలోని సంగతులను సరిచూచుటకు "ది బిలీవర్" పత్రికవారు జిమ్ ఫింగల్ అను యువకుని నియమించిరి. నగరమున నగ్ననృత్యశాలలు 31 అని యాధారముండఁగా, పలుకుటకు లయ బాగున్నదని డగాటా 34 అని వ్రాసినట్లు ఫింగల్ కనిపెట్టెను. ఒక బండి రంగును మార్చుటకును లయయే కారణము. వీనిని నవ్వి విడువవచ్చును. కాని ఆ దినముననే, అదే రీతిని, మఱియొక వ్యక్తియు మరణించెను. తన బాలుని మరణ మొక్కటియే యట్టిదిగా నుండవలయునని డగాటా ఆ రెండవవారి మరణమును వేఱు రీతిగా మార్చి వ్రాసెను. (ఆ గ్రంథమునందలి వాదప్రతివాదములును చాలవఱకు ప్రచురణకై తిరిగి కల్పించినవే యని గ్రంథకర్తలే తరువాత నొప్పుకొనిరి.)

వ్యాసము వార్త కాదు, కళ యని డగాటా వాదము. సంఖ్యలకొఱకు వ్యాసమును చదువరను మాటయందు కొంత సత్యము లేకపోలేదు. కాని ఆ రెండవ మృతునకును తల్లియో, తోఁబుట్టువో యుండియుందురు గదా! ఒకరి దుఃఖమునకు శోభ కూర్చుటకై వేఱొకరి చావును దిద్దు హక్కు కళ కెవ్వరిచ్చిరి? కల్పనయే కావలసినచో కథ యని పేరు పెట్టవచ్చును, ఎవ్వరును కాదనరు. యథార్థమను పేరువలనఁ గలుగు నమ్మకమును గైకొని, ఆ పేరు విధించు శ్రమను త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. ట్రూమన్ కపోటీ 1966లో ప్రచురించిన "ఇన్ కోల్డ్ బ్లడ్" సర్వము సత్యమని చాటెను. అంత్యమునందలి శ్మశాన సమావేశము జరుగనే లేదని పిదప తేలినది. ఆ గ్రంథమునకు ఆ ఘట్టము అక్కఱయే లేదు.

కావున పట్టమునకై సమర్పించు గ్రంథమును ఇద్దఱు సాహిత్యజ్ఞులు పరీక్షించినఁ జాలదు. విద్యార్థి తన టిప్పణములను, లేఖలను, అడిగి తెలిసికొనిన మాటలను వేఱొక పరీక్షకుని యెదుట నుంచవలయును. జ్ఞాపకము తప్ప ఆధారము లేనిచోట ఆ సంగతిని వాక్యమునందే తెలుపవలయును. మేనత్త జీవించియున్నచో, అచ్చునకుఁ బోకమున్ను ఆమెకొక్కసారి చదివి వినిపింపవలయును. ఆమె కాదన్నచోట, కాదన్నదని ఆ పుటయందే వ్రాయవలయును.