చిటారు కొమ్మకు తీగ చేర్చే గాలి గొట్టం

అభిరుచి కొద్దీ నడిపే హ్యామ్ రేడియోలో చవకగా దొరికి బాగా పనిచేసే యాంటెన్నా మామూలు రాగి తీగ. 7 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యానికి ఇరవై మీటర్ల తీగ చాలు. చిక్కల్లా దాన్ని ఎత్తున కట్టడంలోనే. పది మీటర్ల ఎత్తులో ఉంటే తరంగాల్లో ఎక్కువ భాగం నిట్టనిలువుగా పైకి పోయి, అయనావరణాన్ని తాకి, కొన్ని వందల కిలోమీటర్ల లోపే దిగుతుంది. ఇరవై మీటర్లకు లేపితే అదే సంకేతం దిగంతం వైపు వాలుగా సాగి సముద్రాలు దాటుతుంది. ఆ ఎత్తుకు ఇనప టవరు వేయడం ఖర్చుతో కూడిన పని. అమెరికాలో చాలా ఇళ్ల వెనుక పైన్, ఓక్ చెట్లు ఆ ఎత్తుకు పెరుగుతాయి కనుక అక్కడి హ్యాములు చెట్టునే స్తంభంగా వాడుకుంటారు. ఎక్కకుండానే కొమ్మ మీదుగా దారం వేయడానికి ఉండేలు, విల్లు వాడేవాళ్లున్నారు. వాటికంటే గురి, ఎత్తు రెండూ చేతిలో ఉంచేది గాలి గొట్టం. కుదించిన గాలితో అది దారం కట్టిన బంతిని కొమ్మ మీదుగా విసురుతుంది.

దారాన్ని దూరం విసిరే ఆలోచన పాతదే. 1808లో ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మత్ తీరంలో తుఫానుకు చిక్కిన ‘ఎలిజబెత్’ ఓడ మీదికి కెప్టెన్ మాన్బీ మోర్టారుతో తాడు విసిరి ఏడుగురిని కాపాడాడు.

గాలి గొట్టంలో మూడు భాగాలు: గాలి గది, వాల్వు, బంతి కూర్చునే గొట్టం. గదికి సైకిల్ ట్యూబు వాల్వు, ఒత్తిడి చూపే మీటరు బిగిస్తారు. మామూలు సైకిల్ పంపుతోనే గాలి నింపవచ్చు. పరికరానికి ప్రాణం వాల్వు. ఇది పచ్చికకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లకు వాడేదే. లోపలి రబ్బరు పొర పైకి కూడా గాలి సన్నని రంధ్రం గుండా చేరి, దాన్ని కిందికి అదిమి ఉంచుతుంది. పైనున్న గాలిని బయటికి వదలగానే కింది ఒత్తిడి పొరను లేపుతుంది, దారి తెరుచుకుంటుంది. వాల్వుకు ఉండే కరెంటు కాయిల్‌తో వదిలితే ఆ గాలి మెల్లగా పోతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు కాయిల్ తీసేసి, వర్క్‌షాపుల్లో దుమ్ము ఊదే బ్లోగన్‌ను అక్కడ బిగిస్తారు. మీట నొక్కితే వాల్వు ఒక్కసారిగా తెరుచుకుని, అదే ఒత్తిడికి బంతి మరింత ఎత్తుకు వెళుతుంది.

బంతి అంటే టెన్నిస్ బంతే. రెండున్నర అంగుళాల గొట్టంలో ఒరుసుకుంటూ సరిపోతుంది. గుండ్రంగా ఉండడం వల్ల పంగల్లో ఇరుక్కోదు, పసుపు రంగు ఆకుల మధ్య కూడా కనిపిస్తుంది. దాని బరువు అరవై గ్రాముల లోపే. బెరడు రాపిడిని ఓడించి దారాన్ని కిందికి లాగడానికి అది చాలదు కనుక, చీలిక పెట్టి లోపల నాలుగు నాణేలు వేస్తారు. దారం చేపల గాలపు రీలు నుంచి వస్తుంది. స్పిన్నింగ్ రీలులో చుట్ట తిరగకుండానే దారం జారిపోతుంది కాబట్టి బంతి వేగం పెద్దగా తగ్గదు.

బంతి అవతల నేలకు దిగాక దాన్ని విప్పేయాలి. దారం చివర పురికొస కట్టి వెనక్కి లాగాలి, పురికొసతో నైలాన్ తాడు, తాడుతో కప్పీ, కప్పీ మీదుగా తీగ. ముడులు సన్నగా వేసి టేపు చుడితే బెరడులో తగులుకోవు. చెట్టు గాలికి ఊగుతుంది. తాడు కొసను బిగించి కట్టకుండా బరువు వేలాడదీస్తే తీగ తెగదు. ఈ పని తొందరపడితే చెడుతుంది.

చాలామంది బంతి గొట్టంతో పాటు గాలి గదిని కూడా పీవీసీ పైపుతోనే చేస్తారు. అది తప్పు. పైపు మీద అచ్చు వేసిన ఒత్తిడి అంకె నీటికి వర్తిస్తుంది, గాలికి కాదు. నీరు దాదాపుగా కుదించుకోదు కనుక గొట్టం పగిలితే ఒక్క చిమ్ముతో ఒత్తిడి పోతుంది. కుదించిన గాలి దాచుకున్న శక్తి మాత్రం ఒక్కసారిగా విడుదలై పీవీసీని పదునైన పెంకులుగా విసురుతుంది. చలికి, ఏళ్ల తరబడి ఎండకు ఆ పైపు మరింత పెళుసెక్కుతుంది. గాలి కోసమే తయారై, ఒత్తిడి వదిలే సేఫ్టీ వాల్వు ఉన్న లోహపు ట్యాంకు వాడడమే సరైన పద్ధతి.

కళ్లద్దాలు పెట్టుకోవాలి, గొట్టం ముందు ఎవరూ నిలబడకూడదు, చెట్టు అవతల బంతి పడే చోటు ఖాళీగా ఉండాలి. ఇలాంటి పరికరాల మీద ఆంక్షలున్న ప్రాంతాల్లో అక్కడి చట్టం ముందే తెలుసుకోవాలి. తీగ గానీ దారం గానీ తగిలేంత దూరంలో కరెంటు లైను ఉంటే మాత్రం ఆ చెట్టును వదిలేసి వేరే చెట్టు చూసుకోండి.