రీజెన్సీయుగ సాంఘిక చరిత్ర – స్వామ్యముక్త గ్రంథముల ప్రామాణ్యము

ఆంగ్లదేశ చరిత్రయందు రీజెన్సీయుగ మనబడు కాలము మిక్కిలి స్వల్పమైనది. మూడవ జార్జి చిత్తవైకల్యముచే రాజ్యభారమును వహింపజాలకపోగా, 1811 ఫిబ్రవరి 5వ తేదీనాటి శాసనమును బట్టి ఆయన జ్యేష్ఠపుత్రుడు రాజప్రతినిధి యయ్యెను. 1820 జనవరి 29వ తేదీన తండ్రి మరణింపగా ఆతడే నాల్గవ జార్జి యను పేర సింహాసన మెక్కెను. ఈ తొమ్మిదేండ్లలోనే వాటర్లూ యుద్ధము ముగిసినది; జేన్ ఆస్టెన్ నవలలు ఆరును వెలువడినవి; మేజోళ్లు నేయు యంత్రములను పగులగొట్టిన కార్మికులకు మరణదండన విధించు శాసనము 1812లో పుట్టినది; 1819లో మాంచెస్టరు నగరమున సెయింట్ పీటర్ మైదానమందు గుమికూడిన నిరాయుధ జనముపై అశ్వికదళము దూకినది. కొందరు చరిత్రకారులు ఈ పేరును 1795 మొదలు 1837 వరకు గల కాలమునకు కూడ విస్తరింపజేసిరి. ఈ వ్యాసమునందు మేము ముఖ్యముగా ఆ తొమ్మిదేండ్లనే దృష్టియం దుంచుకొంటిమి.

ఈ యుగముతో తెలుగు శాఖ కేమి పని యని చదువరులు అడుగవచ్చును. 1812లో తండ్రి మరణించిన పిదప ఇంగ్లండునకు పోయి, హెయిలీబరీ కళాశాలయందు శిక్షణము పొంది, 1817లో మదరాసునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను యౌవనము ఈ యుగమునకు చెందినదే. ఎల్లిసు ఉపోద్ఘాతముతో కూడిన కాంబెలు తెలుగు వ్యాకరణము వెలువడిన 1816వ సంవత్సరమే ఆస్టెన్ రచించిన 'ఎమ్మా' నవల ముఖపత్రముపైని గూడ కనబడును. బ్రౌను వంటివాని అభిరుచులను, ఆగ్రహములను తూచదలచిన పరిశోధకుడు ఆతడు ఎదిగిన సంఘమును కొంతయైన ఎరుగవలసియున్నది. పద్ధతి విషయమున నైనను మన కిది క్రొత్త కాదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కావ్యములను సాక్షులుగా పిలిచిన గ్రంథము. సాక్షిని పిలుచుట యొకటి, ప్రశ్నించుట యొకటి. ఈ రెండవ పనియే ఇందలి ప్రస్తుతాంశము.

పూర్వము ఈ యుగమును పరిశోధింప గోరువాడు లండను గ్రంథాలయములకు పోవలసి యుండెను. నేడు ఆ యవసరము చాలవరకు తీరినది. 1971లో ఆరంభమైన గుటెన్‌బర్గ్ ప్రాజెక్టు, 1996లో నెలకొన్న ఇంటర్నెట్ ఆర్కైవ్, 2004లో వచ్చిన గూగుల్ బుక్స్, 2008లో ఏర్పడిన హాతీట్రస్టు – వీని మూలమున గ్రంథస్వామ్యము గడువు తీరిన వేలకొలది పుస్తకములు ఇంటనే చదువ వీలైనవి. 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' మూడు సంపుటముల వెల 18 షిల్లింగులు. 'ఎమ్మా' వెల 21 షిల్లింగులు. ఒక వ్యవసాయకూలి వారమంతయు పాటుపడినను ఆ రెండవ పుస్తకమును కొనజాలడు. నాడు శ్రీమంతులకే అందిన గ్రంథము నేడు మారుమూల కళాశాల విద్యార్థికి రొక్కము లేకయే దొరకుచున్నది. ఇది కొనియాడదగిన విషయము.

అయితే ఉచితముగా దొరకుటకు కారణ మేమి? గ్రంథస్వామ్య శాసనము. ఈ గడువు అన్ని దేశములయందు నొకటి కాదు. భారతదేశమున సామాన్యముగా గ్రంథకర్త మరణానంతరము 60 సంవత్సరములు, బ్రిటనునందు 70 సంవత్సరములు. అమెరికాలో పాత గ్రంథములకు ప్రకటనకాలమునుండి 95 సంవత్సరములు. కావున ఉచితముగా దొరకునది ప్రాచీనమైనది, శ్రేష్ఠమైనదే కానక్కరలేదు. రీజెన్సీయుగమును గూర్చి ఇట్లు దొరకు పుస్తకములలో ఎక్కువ ప్రచారము పొందినవి ఆ యుగమున అచ్చైనవి కావు. విక్టోరియా రాణి కాలమున, ఆ తరువాతను కూర్పబడినవి. చదువరి రీజెన్సీని చూచుచున్నా ననుకొని, విక్టోరియాయుగము తన తాతలను గూర్చి చెప్పుకొన్న కథలను చూచుచుండును. ఈ భ్రమను తొలగించుకొనుటకు గ్రంథములను మూడు తరగతులుగా విభజింపవలెనని మా అభిప్రాయము: ఆ కాలమున వ్రాయబడి ఆ కాలముననే అచ్చైనవి, ఆ కాలమున వ్రాయబడి వారసులచే తరువాత ప్రకటింపబడినవి, తరువాతి కాలమున జ్ఞప్తికి తెచ్చుకొని గాని, సంకలనము చేసి గాని వ్రాయబడినవి.

మూడవ తరగతినే ముందుగా చూతము. ఏలయన దానివలననే ఎక్కువ పొరపాట్లు కలుగుచున్నవి. కెప్టెన్ గ్రోనో జ్ఞాపకములు 1862 మొదలుకొని వెలువడినవి. ఆల్మాక్స్ నృత్యశాలను గూర్చి, అందు ప్రవేశపత్రము లిచ్చు కులీనస్త్రీలను గూర్చి వ్రాయువారందరు ఈయననే ఉదాహరింతురు. వెల్లింగ్టన్ ప్రభువు మోకాళ్లవరకుండు లాగునకు బదులు పొడుగు లాగు ధరించి వచ్చెనని ద్వారముకడనే ఆపివేసిరన్న కథకు ఆధారము ఈ గ్రంథమే. కాని 1819లో లండనునందుండిన అమెరికా పండితుడు జార్జి టిక్నర్ చెప్పిన వృత్తాంతము వేరు: ఆ ప్రభువు పదకొండు గంటలు దాటి కొన్ని నిమిషములు ఆలస్యముగా వచ్చుటచే ప్రవేశము లభింపలేదట. ఇవి వేర్వేరు సంఘటనలు కావచ్చును. ఒక సంఘటనయే రెండు నోళ్లలో పడి మారియుండవచ్చును. టిక్నర్ జీవితలేఖాసంపుటములు సైతము 1876లో గాని అచ్చు కాలేదు. వెనుక నొక ప్రసంగమునందు మేము గ్రోనో కథను 1814 నాటి ప్రత్యక్షసాక్ష్యము వలె చెప్పియుంటిమి. ముఖపత్రముపైని సంవత్సరమును చూచియుండినచో ఆ తప్పు జరుగకపోయెడిది. అరువదియేండ్లు దాటిన వృద్ధుడు ఇరువదియేండ్ల నాటి తన వైభవమును తలచుకొని వ్రాసినది జ్ఞాపకమే గాని దినచర్య కాదు. 1890లో రెండు సంపుటములుగా వెలువడిన జాన్ ఆష్టన్ గ్రంథము 'సోషల్ ఇంగ్లండ్ అండర్ ది రీజెన్సీ' ఇట్టిదే యైనను ఒక విషయమున మేలు. ఆష్టన్ నాటి వార్తాపత్రికలనుండి విరివిగా నెత్తి చూపును. ఆయన వ్యాఖ్యను విడిచి, ఆయన చూపిన పత్రికను వెదకి చదువుట పరిశోధకుని కర్తవ్యము.

రెండవ తరగతి గ్రంథములు మిక్కిలి ఆకర్షకములు; అంతియే అపాయకరములు. జేన్ ఆస్టెన్ లేఖలను బ్రేబోర్న్ ప్రభువు 1884లో ప్రకటించెను. ఉచితముగా సులభముగా దొరకునది ఈ ప్రతియే. కాని సోదరి కసాండ్రా అంతకుముందే పెక్కు లేఖలను తగులబెట్టియుండెను. మిగిలిన వానిలో కొన్ని భాగములను బ్రేబోర్న్ విడిచెను. 1932లో చాప్మన్ సమగ్రముగా సంస్కరించిన ప్రతిని చూడక, బ్రేబోర్న్ ప్రతిలో లేని విషయమును బట్టి 'ఆస్టెన్ దీనిని గూర్చి ఎన్నడును పలుకలేదు' అని తీర్పు చెప్పుట సాహసము. థామస్ క్రీవీ పత్రములు 1903లో హెర్బర్ట్ మాక్స్‌వెల్ పరిష్కరణమున వెలువడినవి. వానియందును మనకు చేరినది పరిష్కర్త యేరి యిచ్చినదే. బైరన్ స్మృతులను 1824 మే నెలలో జాన్ మరే ప్రచురణాలయమున మిత్రులే దగ్ధము చేసిరి. హారియట్ విల్సన్ 1825లో తన జ్ఞాపకములను ప్రకటించునప్పుడు, సొమ్ము చెల్లించినవారి పేర్లు విడువబడు నను బేరము నడచినది. ఆ గ్రంథమున కనబడువారిని గూర్చి మన మెంతయో చర్చింతుము. కనబడనివారు తమ మౌనమును వెలయిచ్చి కొనినవారు కావచ్చునని తలంపము.

ఇక మొదటి తరగతి. ఇవి ఆ కాలముననే అచ్చైనవి గనుక సంశయము లేదనుకొనరాదు. మరియా రండెల్ అజ్ఞాతముగా 1806లో ప్రకటించిన పాకశాస్త్రగ్రంథము రీజెన్సీయుగమంతయు ఇంటింట మెలగినది. కాని అది విధించు గ్రంథము. వర్ణించు గ్రంథము కాదు. సుమతీశతకమును జదివి ఆనాటి తెలుగువారందరు అట్లే నడచుకొని రనుట యెట్టిదో, రండెల్ చెప్పిన వంటకములే ప్రతి గృహమునను వడ్డింపబడె ననుట అట్టిది. పరిశోధకునకు ఇందు ఉపకరించునది వేరు: ఏ పదార్థములు అంగడిలో దొరకుననియు, ఏ పని యిల్లాలిది, ఏ పని దాసిది యనియు ఆమె చెప్పక చెప్పిన భాగము. దీనితోపాటు చదువదగినది 1825లో శామ్యూల్, సారా ఆడమ్స్ దంపతులు ప్రకటించిన 'ది కంప్లీట్ సర్వెంట్'. వారు సేవకవృత్తియందే జీవితము గడపినవారు. సేవకుల జీతముల పట్టికలను ఇచ్చినవారు. అది రీజెన్సీకి కొంచెము తరువాతిదైనను, వంటయింటిని యజమానురాలి వైపునుండి గాక లోపలినుండి చూపును.

నిఘంటువుల విషయమున మరియొక జాగ్రత్త వలయును. 1811 నాటి యాసపదముల నిఘంటువు మిక్కిలి ప్రసిద్ధము. నవలాకారులు పాత్రలచే ఆ కాలపు మాటలు పలికింప దీనినే వెదకుదురు. కాని దాని మూలము ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో కూర్చినది. గ్రోస్ 1791లోనే మరణించెను. అందలి ప్రతి పదము 1811లో జనుల నాలుకపై నుండెనని చెప్పుట కది చాలదు.

విదేశీయులు వ్రాసినవి ఈ తరగతియందు విలువైనవి. స్థానికులకు అలవాటై కానరాని దానిని వారు చూతురు. ఫ్రాన్సునందు పుట్టి అమెరికాయందు ఇరువదియేండ్లకు మించి నివసించిన లూయీ సిమాన్, 1810–1811 సంవత్సరములలో బ్రిటనును చుట్టి, ఆ యాత్రను 1815లో ప్రకటించెను. లండను బొగ్గుపొగను, అంతస్తునకొక గదిగా ఎక్కుచు దిగుచు బ్రతుకు ఇరుకైన యిండ్లను ఆయన వర్ణించినంత స్పష్టముగా ఆంగ్లేయులు వర్ణింపలేదు. అంతకు ఒక దశాబ్దము ముందు ఇంగ్లండును చూచిన మీర్జా అబూతాలిబ్‌ఖాన్ పారసీక యాత్రాగ్రంథమును హెయిలీబరీ ఆచార్యుడు చార్లెస్ స్టూవర్టు 1810లో ఆంగ్లీకరించెను. ఆంగ్లేయుల దోషములను ఒక హిందూదేశవాసి యెంచి చూపిన గ్రంథము, మన దేశమునకు అధికారులను తయారుచేయు కళాశాలయందలి ఆచార్యుని చేతిమీదుగా వెలువడుట గమనింపదగినది.

వీనియన్నిటియందును బీదల గొంతుక క్షీణముగా వినబడును. పాట్రిక్ కహూన్ 1814లో ప్రకటించిన గ్రంథమున జనగణనమును ఆధారముగా గొని సంఘమును తరగతులుగా విభజించి వారి ఆదాయములను లెక్కించెను. కాని అవి అంచనాలు. మిల్లులయందు పనిచేయు బాలబాలికలను గూర్చి 1816లో పార్లమెంటు సంఘము సేకరించిన వాంగ్మూలములు, ఓల్డ్ బెయిలీ న్యాయస్థాన విచారణల నివేదికలు ఇంతకంటె దగ్గరివి. పనికత్తె, కుదువవ్యాపారి, బండివాడు ఇందు తమ మాటలతో మాటాడుదురు. అయినను ఇచ్చటను మెలకువ వలయును. నివాసగృహమునుండి 40 షిల్లింగుల వస్తువును దొంగిలించుట మరణదండనార్హము గనుక, దయగల జూరీ దాని వెలను 39 షిల్లింగులని నిర్ణయించుట కలదు. ఆ వెలను నమ్మి బజారుధరల పట్టిక కట్టినవాడు జూరీ కరుణను వర్తకముగా పొరబడినవా డగును.

తుదకు ప్రతిబింబములను గూర్చి ఒక్క మాట. ఆకర్మన్ లండనునుండి 1809 మొదలు 1828 వరకు నడపిన సచిత్ర మాసపత్రికయందు తొలి సంపుటములకు నిజమైన గుడ్డముక్కలను అంటించిరి. తెరపై వాని రంగు కొంత కనబడును. నేత, బరువు, స్పర్శ కనబడవు. మడతపెట్టిన పటములను విప్పకయే బింబము తీసిన ప్రతులు, పుటలు లోపించిన ప్రతులు పెక్కు కలవు. పాత 'ఎస్' అక్షరమును 'ఎఫ్' అని చదివెడి యంత్రము, వెదకిన పదము లేదని చెప్పినంతమాత్రమున ఆ పదము లేదని నిశ్చయింపరాదు. ఒక ప్రతియందు సందేహము కలిగినచో మరియొక గ్రంథాలయపు ప్రతిని తెరచి చూడవలెను. ఉచితమే గనుక ఇందు శ్రమ తప్ప వ్యయము లేదు.

మా విద్యార్థులకు మేము చెప్పునది ఇంతే. పుస్తకమును తెరువగనే ముఖపత్రమును చూడుడు. వ్రాసిన కాలమును, అచ్చైన కాలమును వేర్వేరుగా గుర్తించుడు. ఎవరు ఎవరికొరకు వ్రాసిరో, ఎవరు దేనిని కత్తిరించిరో విచారింపుడు. ఈ నాలుగు ప్రశ్నలును మన తాళపత్రములను, బ్రౌను వ్రాయించిన ప్రతులను పరిశీలించునప్పుడు మనము వేసికొను ప్రశ్నలే. శాసనము మనకు గ్రంథమును విడిచిపెట్టినది గాని, విమర్శనుండి మనలను విడిచిపెట్టలేదు.