పాయింట్లు తీసేసే ముందు

పెట్రోలు అంబాసిడర్ బోనెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి అటూ ఇటూ ఉన్న క్లిప్పులు విప్పి, రోటర్‌ని పైకి లాగితే కింద చిన్న పళ్లెం లాంటి ప్లేటు కనిపిస్తుంది. దాని మీద ఎదురెదురుగా రెండు టంగ్‌స్టన్ బిళ్లలు. షెడ్డుల్లో వాటిని సీబీ పాయింట్ అంటారు, లేదా ఉత్త పాయింట్లు అంటారు. అవి పూర్తిగా విచ్చుకున్నప్పుడు మధ్యన ఉండాల్సిన సందు 14 నుంచి 16 థౌలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 0.35 నుంచి 0.40. కాస్త దళసరి విజిటింగ్ కార్డు మందం. పొద్దున్నే బండి ఒక్క సెల్ఫ్‌కి లేస్తుందా, ఘాట్ రోడ్డు మీద లాగుతుందా, సిగ్నల్ దగ్గర ఆగిపోయి పరువు తీస్తుందా అన్నవి చాలావరకు ఆ సందు చేతిలో ఉన్నాయి.

ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే పోయింది. అయినా తాతగారి బండి అనో, కొన్న మోజు అనో వాటిని నడుపుకుంటున్నవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. వాళ్లు ఇద్దరు కలిస్తే వచ్చే ప్రశ్న ఒకటే: పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాలా, వద్దా? పెట్టించమనే నేనంటాను. కానీ ముందు పాయింట్ల మీదే బండి సక్రమంగా నడవాలి, ఆ తర్వాతే కిట్టు. ఈ వరస తప్పినవాళ్లే డబ్బు పోయిందని తిట్టుకుంటారు. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లకి ఈ గొడవే లేదు. ఆ ఇంజన్లో స్పార్కు అన్నదే ఉండదు కాబట్టి వాళ్లు నిశ్చింతగా పేజీ తిప్పేయవచ్చు.

ఈ పాయింట్ల పద్ధతి చార్లెస్ కెట్టరింగ్ అనే అమెరికన్ ఇంజనీరుది. 1910 నాటి క్యాడిలాక్ కార్లలో మొదలైంది. రెండేళ్లకి ఆయన తయారుచేసిన సెల్ఫ్ స్టార్టరూ అదే కారులోకి వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్లకి పైగా ప్రపంచంలోని పెట్రోలు కార్లలో ఎక్కువ భాగం ఆయన పద్ధతి మీదే నడిచాయి.

పని చేసే తీరు సులువే. బ్యాటరీలో ఉన్నవి 12 వోల్టులు. ప్లగ్గు కొన మీద నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పెంపకం కాయిల్ చూసుకుంటుంది. అందులో లావు తీగ చుట్టు ఒకటి, దాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చుట్లతో సన్నతీగ చుట్టు ఒకటి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు లావు తీగలో దాదాపు 4 ఆంపియర్ల కరెంటు పారి అయస్కాంత క్షేత్రం కూడుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు మీది నాలుగు మూలల కామ్ తిరుగుతూ ఒక్కో మూలతో పాయింట్లని విడదీస్తుంది. కరెంటు టక్కున తెగుతుంది, క్షేత్రం కూలుతుంది, ఆ కూలడంలో సన్నతీగలో వేల వోల్టులు పుడతాయి. అవి రోటర్ మీదుగా, క్యాప్ మీదుగా, వంతు వచ్చిన సిలిండర్ ప్లగ్గుకి చేరతాయి. అంబాసిడర్‌లో ఆ వంతు 1-3-4-2.

ఇందులో కండెన్సర్ పాత్ర చాలామందికి పట్టదు. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు ఆ సందుని కూడా దూకాలని చూస్తుంది. దూకితే బిళ్లలు కాలతాయి. అంతకన్నా ముఖ్యం, కరెంటు టక్కున తెగకుండా సాగుతుంది, ప్లగ్గు దగ్గర స్పార్కు చస్తుంది. ఆ దూకబోయే కరెంటుని తనలోకి తీసుకుని కోతని పదునుగా ఉంచేది వేలి కొనంత ఉండే ఆ కండెన్సరే.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ 1,500 తిరుగుతుంది, పాయింట్లు నిమిషానికి 6,000 సార్లు విడిపోతాయి. అదే వేగంతో గంటసేపు పోతే 3,60,000 సార్లు. ప్రతిసారీ కామ్ మీద రాసుకునేది పాయింటు కాలికి ఉన్న ఫైబర్ ముక్క. అది అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, టైమింగ్ వెనక్కి జారుతుంది. ఒక్క రోజులో తేడా తెలియదు. పికప్ కొంచెం మందగిస్తుంది, ఇంజన్ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. బండి ముసలిదైపోయిందని ఓనరు సరిపెట్టుకుంటాడు.

పాత మేస్త్రీల పనితనమంతా ఈ జారుడుని పట్టుకోవడంలోనే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఈ పని చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. ముందు హ్యాండిల్ పెట్టి ఇంజన్‌ని మెల్లగా తిప్పించి, ఫైబర్ ముక్క సరిగ్గా కామ్ మూల మీదకి వచ్చేదాకా ఆగారు. సన్నటి ఆకురాయితో బిళ్లల మీది మచ్చని రెండు తోపుల్లో తీశారు. గరుకు కాగితం వాడరా అంటే, “దాని ఇసుక లోపలే ఉండిపోద్ది బాబూ, మళ్లీ అదే కాలుద్ది” అన్నారు. పెట్రోలులో తడిపిన గుడ్డపీలికతో తుడిచి, స్క్రూ వదులు చేసి, ఫీలర్ గేజ్‌లో 15 థౌల రేకు దూర్చారు. రేకు బిగుసుకోకూడదు, వదులుగా ఊగనూ కూడదు. లాగుతుంటే వేళ్లకి చిన్న పట్టు తెలియాలి. స్క్రూ బిగించాక మళ్లీ చూశారు, ఎందుకంటే బిగింపులోనే సందు ఒక థౌ కదులుతుంది. తొందరపడేవాళ్లు వదిలేసేది ఈ రెండో చూపునే. కామ్ మీద ఆవగింజంత గ్రీజు రాశారు. ఎక్కువైతే అది చిమ్మి పాయింట్ల మీదే పడుతుంది.

తర్వాత టైమింగ్. కుర్రాడిని కేకేశారు: “ఒరేయ్, ఆ బల్బు ఇట్టా తే.” రెండు వైర్లు అతికించిన మామూలు 12 వోల్టుల బల్బు అది. ఒక వైరు కాయిల్‌కి డిస్ట్రిబ్యూటర్ వైపున్న టెర్మినల్‌కి, రెండోది ఇంజన్ బాడీకి. పుల్లీ మీది గాటుని గుర్తుకి ఎదురుగా తెచ్చి, తాళం ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్ క్లాంపు వదులు చేసి మెల్లగా తిప్పారు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బల్బు వెలగదు. విడిపోయిన క్షణమే వెలుగుతుంది. వెలిగిన చోటే క్లాంపు బిగించడం. ఆ తర్వాత రోడ్డు మీదకి తీసుకెళ్లి టాప్ గేరులో నలభైలో పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారు. ఇంజన్లో లీలగా టకటక మోగి, బండి వేగం అందుకోగానే మాయమైంది. ఆ మోత అసలు రాకపోతే టైమింగ్ వెనకబడినట్టు, వచ్చి ఆగకపోతే ముందుకు పోయినట్టు. కొన్ని లూకాస్ డిస్ట్రిబ్యూటర్లకి ఇందుకోసమే పక్కన ఒక చిన్న నట్టు ఉంటుంది, వేళ్లతో తిప్పి కొద్దికొద్దిగా సర్దుకోవచ్చు.

ఖరీదైన పనిముట్టు ఒక్కటీ లేని ఈ విద్యలో నాకు నచ్చేది, ఎక్కడ తప్పు జరిగినా దానంతట అదే చెబుతుంది. సందు మరీ ఎక్కువైతే కాయిల్ నిండే వ్యవధి తగ్గి, వేగంలో మిస్ కొడుతుంది. పాయింట్లు కలిసి ఉండే ఆ వ్యవధిని డ్వెల్ అంటారు. నాలుగు సిలిండర్ల బండిలో ఒక్కో స్పార్కుకి డిస్ట్రిబ్యూటర్ తిరిగేది 90 డిగ్రీలు. అందులో సుమారు 60 డిగ్రీలు పాయింట్లు కలిసి ఉండాలి. దారిలో ఏదైనా అయితే విజిటింగ్ కార్డు దూర్చి సందు పెట్టుకుని ఇల్లు చేరొచ్చు.

మరి ఇంత మంచి పద్ధతిని ఎందుకు వదలాలి? ఒకటి, కంపెనీలు ఎప్పుడో వదిలేశాయి. అమెరికాలో పొగ మీద చట్టాలు బిగుసుకున్నాక, మండకుండా బయటికి పోయే పెట్రోలుకి పాయింట్ల జారుడు ఒక కారణమని తేలింది. క్రైస్లర్ 1973 మోడళ్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది, 1975కి జనరల్ మోటార్స్ కూడా అదే దారి పట్టింది. రెండోది మనకి దగ్గరి కారణం: మంచి పాయింట్లు, కండెన్సర్లు దొరకడం లేదు. షాపులో పెట్టె మీద పేరు ఏదైనా, లోపలి కండెన్సర్ ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, ఇంజన్ కాగగానే చేతులెత్తేసేవి ఉన్నాయి. బండి ఆగిపోతుంది, అరగంట చెట్టు కింద పెడితే మళ్లీ లేస్తుంది, అందరూ కార్బురేటర్‌ని అనుమానిస్తారు. మూడోది, ఆ బల్బు పట్టుకునే చేతులే తగ్గిపోతున్నాయి.

కిట్టులో ఉండేది రెండే వస్తువులు. కామ్ మీద తొడిగే రింగు, అందులో సిలిండర్‌కి ఒకటి చొప్పున అయస్కాంతాలు. దాని పక్కన ప్లేటు మీద బిగించే మాడ్యూల్. అయస్కాంతం ఎదురుగా వచ్చిన ప్రతిసారీ మాడ్యూల్లోని సెన్సర్ దాన్ని పసిగడుతుంది, ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటుని తెంపుతుంది. దీనికి మూలమైన హాల్ ఎఫెక్ట్‌ని ఎడ్విన్ హాల్ 1879లోనే కనిపెట్టాడు, మోటారు కారు పుట్టకముందే. అమెరికా పెర్ట్రానిక్స్ ఈ దారిలో పోయింది. బ్రిటన్ లుమెనిషన్ అయస్కాంతానికి బదులు ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చక్రంతో అడ్డుకునే పద్ధతి పట్టింది. నెదర్లాండ్స్ నుంచి 123 పేరుతో డిస్ట్రిబ్యూటర్ మొత్తమే మార్చేవి వస్తాయి. రాసుకునేది లేదు, కాలేది లేదు. ఒకసారి కుదిర్చిన టైమింగ్ అక్కడే ఉంటుంది. ఇదీ లాభం.

లాభం ఇంతే అని కూడా చెప్పాలి. అమ్మేవాళ్లు మైలేజీ పెరుగుతుందనీ, బలం పెరుగుతుందనీ ఊదరగొడతారు. కాయిల్ అదే, కరెంటు అంతే అయినప్పుడు స్పార్కు కొత్తగా బలం ఎక్కడ తెచ్చుకుంటుంది? అరిగిపోయిన పాయింట్లతో పోలిస్తే తేడా కనిపిస్తుంది, నిజమే. సరిగ్గా పెట్టిన పాయింట్లతో పోలిస్తే మొదటి రోజున ఏ తేడా ఉండదు. రెండేళ్ల తర్వాత ఉంటుంది.

పాయింట్ల మీద ముందు నడిపించమనడం ఇందుకే. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు బుష్ పోయి ఉంటే, అరిగిన ఇరుసు మీద బండి చక్రం ఊగినట్టు షాఫ్టు ఊగుతుంది. పాయింట్లకి అది వెంటనే తెలుస్తుంది, సందు ఒక్కో మూల దగ్గర ఒక్కోలా వస్తుంది. మాడ్యూల్ దాన్ని కొంత కప్పిపుచ్చుతుంది కానీ నయం చేయదు. ప్లేటు కింద వేగాన్ని బట్టి టైమింగ్‌ని ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు ఉంటాయి. పక్కన అదే పని గాలితో చేసే వాక్యూమ్ డబ్బా ఉంటుంది. కిట్టు వీటిని ముట్టుకోదు. తుప్పుపట్టిన బరువులు, చిరిగిన డయాఫ్రమ్ కొత్త మాడ్యూల్ కింద కూడా అలాగే ఉంటాయి. వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీలిస్తే ప్లేటు కదలాలి. వదిలేదాకా అక్కడే నిలవాలి. ఈ పరీక్షకి కాణీ ఖర్చు లేదు.

పెట్టేటప్పుడు తప్పులు జరిగే చోట్లు ఇవీ. మొదట బ్యాటరీ ఎర్త్ చూడండి. పాత బ్రిటిష్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది, వాటికి వేరే కిట్టు కావాలి. మామూలు నెగటివ్ ఎర్త్ బండిలో ఎర్ర వైరు కాయిల్ పాజిటివ్‌కి, నల్ల వైరు నెగటివ్‌కి. తారుమారైతే మాడ్యూల్ అక్కడికక్కడే పోతుంది. మల్టీమీటర్‌తో కాయిల్ రెండు టెర్మినళ్ల మధ్య కొలవండి. నాలుగు సిలిండర్ల బండికి 3 ఓమ్‌ల దగ్గర ఉండాలి. 1.5 ఉంటే అది రెసిస్టర్‌తో కలిపి వాడాల్సిన కాయిల్, నేరుగా కలిపితే మాడ్యూల్ వేడెక్కి చస్తుంది. ప్లేటుని డిస్ట్రిబ్యూటర్ బాడీకి కలిపే ఒక చిన్న ఎర్త్ వైరు లోపల ఉంటుంది. దశాబ్దాలుగా అటూ ఇటూ వంగి వంగి లోపలి పోగులు తెగి, పైన గుడ్డ తొడుగు మాత్రం నిలిచి ఉంటుంది. పాయింట్లు ఎలాగో సర్దుకుపోతాయి, మాడ్యూల్ సర్దుకోదు. కిట్టు చెడిపోయిందని తిరిగిచ్చిన సందర్భాల్లో ఎన్నిటికి ఈ వైరే కారణమో అని నాకు అనుమానం.

రింగు మీద రోటర్ పూర్తిగా దిగిందో లేదో చూడకుండా క్యాప్ పెట్టొద్దు. కొంచెం పైకి నిలిచినా సెల్ఫ్ కొట్టగానే క్యాప్ పగులుతుంది. ప్లగ్గు వైర్లు ఉత్త రాగివైతే కార్బన్ వైర్లు వేయించండి, రాగి వైర్ల నుంచి వచ్చే గోల రేడియోనే కాదు, మాడ్యూల్‌ని కూడా తికమక పెడుతుంది. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో వదిలి పాటలు వినే అలవాటు ఉంటే మానుకోండి, లేదా అలాంటప్పుడు కరెంటు తనంతట తానే ఆపే రకం కొనండి. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు పాయింట్లు ఎలాగోలా స్పార్కు ఇస్తాయి, మాడ్యూల్‌కి మాత్రం తన వోల్టేజీ తనకి కావాలి. తోసి స్టార్ట్ చేసే బండి అయితే ఇది గుర్తుంచుకోవాలి.

అసలు రూపం చెడుతుందని బాధపడేవాళ్లున్నారు, వాళ్ల బాధ ఉత్తది కాదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకి వీఏ అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ ఇస్తాయి. పాయింట్లనే తాకే కిట్టుకి చిల్లు వేయక్కర్లేదు, దేన్నీ కోయక్కర్లేదు, క్యాప్ పెట్టాక బయటికి కనిపించేది అదనంగా ఒక వైరు. నాకు ఇష్టమైన రకం అదే. డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చేవి ఎంత గొప్పగా పనిచేసినా, పాతది అటక మీదకి చేరి అక్కడి నుంచి పాత ఇనుముకి పోతుంది.

తీసిన పాయింట్లని, కండెన్సర్‌ని పారేయకండి. మాడ్యూల్ పోయేటప్పుడు చెప్పి పోదు, మిస్ కొట్టదు, నీరసించదు, నడుస్తున్న బండి ఒక్కసారిగా ఆగుతుంది. బిళ్లలు తుడిచి, పాత స్క్రూలతో సహా ప్లాస్టిక్ కవర్లో చుట్టి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టుకుంటే, స్క్రూడ్రైవర్‌తో అరగంటలో వెనక్కి మార్చుకోవచ్చు. అయితే మాడ్యూల్ తెంపే చోటు, పాయింట్లు విడిపోయే చోటు ఒకటి కావు. కిట్టు పెట్టినప్పుడైనా, తీసినప్పుడైనా టైమింగ్ మళ్లీ చూసుకోవాల్సిందే. కిట్టుతో ఉన్నప్పుడు వాక్యూమ్ గొట్టం తీసి, దాని మూతి మూసి, స్ట్రోబ్ లైటుతో. పాయింట్లకి తిరిగొచ్చినప్పుడు ఆ పన్నెండు వోల్టుల బల్బుతో.