‘బాగుంది’ అంటే ఒప్పుకోరు

మన ఇళ్లలో భోంచేసిన చుట్టం నోట వచ్చే మాట ఒకటే: బాగుంది. పప్పులో ఉప్పు మరిచిపోయినా బాగుంది, చారు ఉత్త చింతపండు నీళ్లలా ఉన్నా బాగుంది. దాన్ని అబద్ధం అనలేం, మర్యాద. తిన్నవాళ్లకీ తెలుసు, వడ్డించినవాళ్లకీ తెలుసు.

పాతికేళ్ల కిందట బెంగళూరు మురుగేశ్‌పాళ్యలో మేం అద్దెకున్నప్పుడు, పక్క వాటాలో ఉండే పెద్దాయనకి మాత్రం ఈ మర్యాద అబ్బలేదు. గుడివాడ వైపు మనిషి. ఫ్లైట్ టెస్ట్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఓ ఆదివారం మా ఆవిడ గిన్నెలో గోంగూర పులుసుకూర పంపింది. సాయంత్రం ఆయన గిన్నె తిరిగివ్వడానికి వస్తే, “ఎలా ఉంది బాబాయిగారూ?” అని అడిగింది. ఆయన గుమ్మంలోనే నిలబడి కాసేపు ఆలోచించారు.

“మొదటి రెండు ముద్దలూ హాయిగా ఉందమ్మా. మూడో ముద్ద నుంచి కారం వెనకబడింది, పులుపు ముందుకొచ్చింది. ఉప్పు తక్కువేం కాదు, ఆలస్యంగా తగులుతోంది. అన్నం ఇంకాస్త కలుపుకుంటే సర్దుకుంది గానీ, ఆ సర్దుబాటు తినేవాడు చేసుకోవాల్సొచ్చింది. నాలుగు ఇస్తాను.”

పదికి నాలుగే వేశాడని మా ఆవిడ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత తెలిసింది, ఆయన లెక్క తిరగేసిన లెక్కని. అందులో ఒకటి అన్నిటికన్నా మేలు, పది అంటే అదుపు తప్పినట్టు. కూపర్-హార్పర్ స్కేలు అంటారు. నాసాలో టెస్ట్ పైలట్ జార్జ్ కూపర్, కార్నెల్ ఏరోనాటికల్ ల్యాబొరేటరీకి చెందిన రాబర్ట్ హార్పర్ కలిసి 1969లో దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చారు. కొత్త విమానం నడిపి దిగిన పైలట్‌ని నేరుగా మార్కులు వెయ్యమనరు. వరసగా మూడు ప్రశ్నలు వేస్తారు. విమానం నీ అదుపులో ఉందా? లేదంటే పది, అక్కడితో సరి. ఉందంటే, చెయ్యమన్న పనిని భరించగలిగిన శ్రమతో చెయ్యగలిగావా? లేదంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది. చెయ్యగలిగానంటే, ఇక ఏమీ మార్చకుండా ఇలాగే ఉంచెయ్యొచ్చా? మార్చాలంటే నాలుగు నుంచి ఆరు, అక్కర్లేదంటే మూడులోపు. నాలుగుకి అర్థం, లోపం చిన్నదే కానీ చికాకు పెడుతుంది అని. (గోంగూర విషయంలో ఆ అంకె సరైనదేనని మా ఆవిడతో నేను ఇప్పటికీ అనలేదు.)

ఆ స్కేలులో నన్ను పట్టుకున్నది అంకెలు కాదు. విమానం ఎలా ఎగిరిందని అడగడంతో అది ఊరుకోదు, అలా ఎగరెయ్యడానికి నువ్వెంత కష్టపడ్డావని అడుగుతుంది. నేర్పరి చేతిలో మొండి విమానం కూడా బుద్ధిగానే ఎగురుతుంది. చెయ్యి దానంతటదే లోపాన్ని సర్దేస్తుంది, సర్దినట్టు మనసుకి కూడా తెలియదు. రేపు అదే విమానాన్ని పాతికేళ్ల కుర్రాడు రాత్రిపూట వానలో దింపాలి, వాడికా నేర్పు ఉండదు. అందుకని టెస్ట్ పైలట్ ఒక చేత్తో సర్దుతూనే, ఎంత సర్దుతున్నాడో రెండో కంటితో చూసుకోవాలి. సినిమాల్లో వీళ్లని ప్రాణానికి తెగించిన వీరులుగా చూపిస్తారు. అసలు కష్టం మాత్రం తన చేతి మీద తనే నిఘా పెట్టుకోవడంలో ఉంది.

“దిగినవాణ్ణి టీ తాగనిచ్చేవాణ్ణి కాదు” అనేవారాయన. “టీ తాగితే జరిగింది కథ అయిపోతుందండీ. కథలో అన్నీ ఒక దారిన పడతాయి. నాకు దారిన పడనివి కావాలి.”

పైలట్ తొడ మీద కట్టుకున్న టెస్ట్ కార్డులో ఏ ఎత్తున, ఏ వేగంతో, ఏం చెయ్యాలో, ఎక్కడ ఆపెయ్యాలో ముందే రాసి ఉంటుంది. అందులో లేనిది చెయ్యడానికి లేదు. ఉదాహరణకి ఫ్లటర్ పరీక్ష. ప్రతి రెక్కకీ తనదైన వణుకు ఒకటి ఉంటుంది. మామూలుగా దాన్ని గాలే అణిచేస్తుంది. వేగం ఒక హద్దు దాటిందా, ఆ గాలే వణుకుకి బలం పోస్తుంది, క్షణాల్లో రెక్క విరిగిపోవచ్చు. ఆ హద్దు ఎక్కడుందో ముందే లెక్కలు కడతారు, విండ్ టన్నెల్‌లో చూస్తారు. అయినా చివరికి ఎగిరి చూడక తప్పదు. ఒక వేగానికి వెళ్లి, విమానాన్ని కుదిపి వదిలేస్తారు. గుడిగంట కొట్టి మోత ఎంతసేపట్లో అణుగుతుందో వింటున్నట్టుగా, కింద టెలిమెట్రీ గదిలో ఇంజినీర్లు గీతల్ని చూస్తారు. వెంటనే అణిగితే ఇంకొంచెం వేగం. కిందటిసారి కన్నా ఆలస్యంగా అణుగుతోందంటే ఆ రోజుకి ఇంటికే. పైనున్నవాడు ఎంత గొప్పవాడైనా గదిలోంచి ఆపమన్నారంటే ఆపాల్సిందే.

ఇంత జాగ్రత్తలోనూ విమానం ఎవరి మాటా వినని రోజులుంటాయి. 1974 జనవరి 20న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో వైఎఫ్-16ని రన్‌వే మీద జోరుగా పరిగెత్తించి చూడటమే ఆనాటి పని. ఎగరాలని కార్డులో లేదు. పరుగులో ముక్కు పైకి లేవగానే విమానం అటూ ఇటూ ఒరగడం మొదలెట్టింది. పైలట్ ఫిల్ ఓస్ట్రిచర్ సరిచేస్తున్న కొద్దీ ఊపు పెరిగింది. సైకిల్ నేర్చుకునే రోజుల్లో హ్యాండిల్‌తో మనం చేసుకున్న నిర్వాకమే ఇది: కుడికి ఒరిగిందని ఎడమకి తిప్పేసరికి బండి అప్పటికే ఎడమకి వస్తుంటుంది. రన్‌వే మీద ఉంటే విమానం ముక్కలవుతుందని ఓస్ట్రిచర్ పైకి లేపేశాడు. ఆరు నిమిషాలు తిరిగి క్షేమంగా దించాడు. అధికారిక తొలి ఎగురుడు ఫిబ్రవరి 2న జరిగింది. స్వీడన్ వాళ్ల గ్రిపెన్‌కి ఆ అదృష్టం దక్కలేదు. తొలి నమూనా 1989 ఫిబ్రవరి 2న, ఆరో ఎగురుడులో దిగబోతూ, ఇలాంటి ఊగులాటలోనే చిక్కి రన్‌వే మీద బోర్లా పడింది. పైలట్ లార్స్ రాడెస్ట్రామ్ బతికి బయటపడ్డాడు.

ఈ రెండూ కంప్యూటర్ సాయం లేకపోతే గాలిలో నిలవని విమానాలు. చురుగ్గా తిరగడం కోసం వాటిని కావాలనే నిలకడ లేకుండా కడతారు, నిలకడని కంప్యూటర్ క్షణక్షణం సమకూరుస్తుంది. మన తేజస్ కూడా ఆ జాతిదే. 1995 నవంబరు 17న తొలి నమూనా షెడ్డు బయటికొచ్చింది. ఎగిరింది 2001 జనవరి 4న. మధ్యలో ఐదేళ్లు పేపర్లు ఎగతాళి చేశాయి. ఆ ఐదేళ్లలో జరిగిన పని బయటికి కనిపించేది కాదు. కంప్యూటర్ ఏ పరిస్థితిలో ఎలా స్పందించాలన్న కంట్రోల్ లాని ముందు సిమ్యులేటర్లో, ఆ తర్వాత అమెరికాలో, వేరే విమానాల్లా నటించగల ఒక ఎఫ్-16 మీద పరీక్షించారు. 1998 పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. అక్కడ పనిచేస్తున్న మన ఇంజినీర్లు తిరిగి రావాల్సి వచ్చింది. మిగతా పని బెంగళూరులోనే పూర్తిచేశారు. ఐరన్ బర్డ్ అని ఒక ఇనుప చట్రం ఉంటుంది. విమానంలోని హైడ్రాలిక్స్, కంప్యూటర్లు, మీటలు అన్నీ అందులో బిగించి, నేల మీదే గంటల తరబడి ఎగరేస్తారు. ఆ పక్షికి ఈకలు లేవు, కానీ తప్పులన్నీ ముందు దాని దగ్గరే బయటపడాలి.

తేజస్ తొలిసారి ఎగిరిన ఆ జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ 18 నిమిషాలు నడిపి దించారు. కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా వచ్చారు, మనవాళ్లకి ఆయన అలాగే ఎక్కువ గుర్తు. ఆ సాయంత్రం మా వీధంతా సంబరంగా ఉంటే మా పక్కింటాయన లుంగీతో మెట్ల మీద కూర్చుని, “మొదటి ఫ్లైటు పేపర్లవాళ్లకండీ. తర్వాతి వెయ్యీ మావాళ్లకి” అన్నారు. ఆ తర్వాత నాగ్‌పూర్ ఎండల్లో, లేహ్ చలిలో, గోవా తీరంలో ఎన్నేసి ఏళ్లు పరీక్షించారో తెలిసినవాళ్లకి ఆలస్యం మీద చిరాకు కాస్త తగ్గుతుంది. పూర్తిగా తగ్గాలని నేననను, ఆ ఆలస్యంలో కాగితాల పాలూ కొంత ఉంది. కానీ 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర ఒకటి కూలేదాకా, 23 ఏళ్లలో ఒక్క తేజస్ కూడా కూలలేదు.

తేజస్‌కి ముందు మారుత్ ఉంది. జర్మనీకి చెందిన కుర్ట్ టాంక్ దాన్ని రూపొందించారు. ఇంజిన్ పెట్టకముందే అంతే కొలతలతో కర్ర గ్లైడర్ ఒకటి చేసి, డకోటా విమానానికి తాడుతో కట్టి పైకి లాక్కెళ్లి వదిలేవారు. అలా 70కి పైగా ఎగురుళ్లయ్యాయి. 1961 జూన్‌లో అసలు మారుత్‌ని తొలిసారి ఎగరేసింది సురంజన్ దాస్. 1970 జనవరి 10న ఇంకా బలమైన ఇంజిన్లున్న మారుత్‌ని పరీక్షిస్తూ, నేల విడిచిన కాసేపటికే కూలి ఆయన చనిపోయారు. బెంగళూరులో సురంజన్ దాస్ రోడ్డు ఉంది. మూడేళ్లు రోజూ బస్సులో అటు వెళ్లాను. ఎవరో బెంగాలీ స్వాతంత్ర్య యోధుడనుకున్నాను. అడగాలని కూడా తోచలేదు.

మనం టికెట్ కొని ఎక్కే విమానాల పరీక్షలు ఇంకోరకం వింత. పెద్ద విమానాన్ని పూర్తి బరువుతో, అరిగిపోయిన బ్రేకులతో, టేకాఫ్ వేగందాకా పరిగెత్తించి ఆపేస్తారు. బ్రేకులు ఎర్రగా కాలుతుంటాయి. ఫైరింజన్లు పక్కనే ఉన్నా ఐదు నిమిషాల దాకా నీళ్లు కొట్టకూడదు. నిజంగా అలా జరిగిన రోజున అవి వచ్చేసరికి అంతసేపు పట్టొచ్చు కదా.

గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురూ టెస్ట్ పైలట్లే. 2021 నవంబరులో స్పేస్‌ఎక్స్ క్రూ-3కి కమాండరుగా వెళ్లిన రాజా చారి కూడా అంతే. తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవారు. చారి ఎడ్వర్డ్స్‌లో ఎఫ్-35 పరీక్షల బృందాన్ని నడిపారు. రోదసికి వీళ్లనే ఎందుకు పంపుతారంటే ధైర్యమని సమాధానం చెబుతాం. ధైర్యం ఫైటర్ పైలట్లందరికీ ఉంటుంది. యంత్రం ఏం చేసిందో, అది చేస్తుంటే తనకెలా ఉందో విడివిడిగా చెప్పగలిగేవాళ్లు వాళ్లలో తక్కువ.

ఒక్కోసారి తప్పు పైలట్ చెప్పినదాంట్లో కాదు, పైలట్‌కి రాసిచ్చినదాంట్లో ఉంటుంది. 2009 మార్చి 6న సారస్ అనే చిన్న ప్రయాణికుల విమానం రెండో నమూనా బెంగళూరుకి దగ్గర్లో బిడది వద్ద కూలింది. గాల్లో ఒక ఇంజిన్ ఆపి మళ్లీ వెలిగించడం ఆ రోజు పరీక్షల్లో ఒకటి. వెలిగించడానికి రాసిచ్చిన పద్ధతే సరైనది కాదని, పైగా ఎత్తు చాలలేదని విచారణలో తేలింది. ముగ్గురు చనిపోయారు.

ఇక్కడిదాకా రాసి, మా ఆవిడకిచ్చి ఎలా ఉందని అడిగాను. కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివింది.

“ఐదు” అంది.

“నాలుగన్నా కాదా?”

“గోంగూర సంగతి ఊరందరికీ చెప్పారు, అది వదిలేస్తున్నా. చివర్లో తొందరపడ్డారు. స్వీడన్‌లో బతికినాయన పేరు రాశారు. మన దగ్గర పోయినవాళ్లని ముగ్గురని లెక్కపెట్టి ఊరుకున్నారు. పేర్లు లేవా వాళ్లకి?”

ఉన్నాయి. వింగ్ కమాండర్ ప్రవీణ్ కోటెకొప్ప. వింగ్ కమాండర్ దీపేశ్ షా. ఫ్లైట్ టెస్ట్ ఇంజినీరుగా వాళ్లతో వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా.